అన్నం ఆఖర్న పెట్టే హోటలు

మా మరిది శివాజీ చేత వంట మాన్పించడం ఎవరి తరమూ కాదు. అతని చేత అన్నం ముందు పెట్టించడం అసలే కాదు. ఈ రెండో సంగతి మీద అతనికీ నాకూ నాలుగేళ్ళుగా గొడవ నడుస్తోంది. నేను అతని వదినను, నా పేరు కాంతం. కైకలూరు దాటి ఏలూరు రోడ్డెక్కగానే ఎడమచేతి వైపు కనిపించే పెంకుటిల్లు మాది. ఆ ఇంటి ముందు గదే అతని హోటలు. వంట అతనిది, వడ్డన నాది. తిట్లు తినడం కూడా నా వంతే. ఎందుకంటే వంటవాడు తెర వెనక ఉంటాడు, నేను ఎదురుగా కనిపిస్తాను.

హోటలంటే మీరు అరిటాకులూ, సాంబారు బకెట్లూ ఊహించుకోకండి. మా దగ్గర పీటల మీద కూర్చోవాలి. ముందు అరచేతిలో పట్టేంత గిన్నె ఒకటి వస్తుంది. అందులో నాలుగు ముక్కలుంటే గొప్ప. అది తిని గిన్నె తిరిగి ఇస్తే ఇంకో గిన్నె వస్తుంది. అదీ తింటే మరొకటి. వేసవిలో వచ్చినవి వానాకాలంలో రావు, వానాకాలంలో వచ్చినవి చలికాలంలో రావు. కొల్లేట్లోనూ చుట్టుపక్కల పెరళ్ళలోనూ ఆ రోజుల్లో ఏది దొరికితే అదే వండుతాడు. అన్నీ అయిపోయి, ఇక అన్నం మీద ఆశ వదులుకున్నాక, ఆఖర్న చిన్న గిన్నెడు అన్నం, కాస్త చారు, ఊరగాయ ముక్క. దాని మీద ఓ పండుముక్క. అంతటితో సరి. జపాన్‌లో పేరున్న భోజనశాలల్లో ఇలాగే పెడతారట, దాన్ని కైసెకి అంటారట. మా ఊళ్ళో ఆ పేరెవరికీ నోరు తిరగదు. శివాజీ గిన్నెలు అంటారు.

ఇదంతా అతనికి ఎక్కడ అంటుకుందో చెప్పాలి. మా అత్తగారిది కొల్లేటి నడుమ ఒక లంక గ్రామం. చేపలు పట్టుకు బతికే ఇల్లు. నేను కాపరానికి వచ్చేసరికి శివాజీకి మీసాలు కూడా మొలవలేదు. మావయ్యగారూ మా ఆయనా పడవలో వల లాగుతుంటే ఇతను చివర్న కూర్చుని ఏ చేప ఎలా వండాలో చెప్పేవాడట. ఇంటర్ తప్పాడు. రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తీసే పనికి కుదిరాడు. చెన్నైలో జపాన్ వాళ్ళ హోటలుకి రొయ్యలు శుభ్రం చేసే మనిషి కావాలని ఎవరో చెబితే, ఇంట్లో ఒక్కరికీ చెప్పకుండా రైలెక్కేశాడు. అక్కడి కార్ల కంపెనీల్లో పనిచేసే జపాన్ ఆఫీసర్లు ఆ హోటల్లో తినేవారట.

అక్కడ పెద్ద వంటవాడు ఇనోయే అనే ముసలాయన. ఆయన శివాజీ చేత మొదటి ఏడాదంతా బియ్యం కడిగించాడు. "వదినా, ఇవాళ కూడా బియ్యమే కడిగించారే," అని ఫోన్లో ఏడుపు మొహంతో చెప్పేవాడు. మొహం ఫోన్లో కనపడదు గానీ నాకు తెలిసిపోయేది. "ఆ మహానుభావుణ్ణి ఓసారి మన ఇంటికి పంపు అబ్బాయ్. మీ అన్నయ్య చేత ఇన్నేళ్ళలో ఒక్క గ్లాసు కడిగించలేకపోయాను," అనేదాన్ని. ఏడాది తర్వాత కత్తి చేతికిచ్చారు. ఆ తర్వాత పొయ్యి దగ్గరికి రానిచ్చారు. ఆ ముసలాయన ఇంగ్లీషులో మూడు ముక్కలు, చేతులతో మిగతాదీ చెబుతూ ఇతనికి మొత్తం విద్య నేర్పాడు. ఏ వస్తువు రుచి దానికే ఉండాలి, ఒకదాంతో ఒకటి కలపకూడదు, వేడిది వేడిగా తినాలి, అన్నం వచ్చిందంటే ఇక భోజనం అయిపోయినట్టే. ఇవి శివాజీకి వేదవాక్కులు.

ఇనోయేగారు ముసలితనం వల్ల సొంత దేశం వెళ్ళిపోయారు. హోటలు చేతులు మారింది, కొత్త యజమాని నూడుల్సు వండమన్నాడు. శివాజీ సంచీ సర్దుకుని ఇంటికొచ్చేశాడు. సంచీలో బట్టల కన్నా కత్తులే ఎక్కువున్నాయి. అప్పటికి మేము లంక వదిలి కైకలూరు చేరి, మా ఆయన చేపల మేత వ్యాను నడుపుతున్నాడు. "వదినా, ముందు గది నాకివ్వు," అన్నాడు శివాజీ. కిరాణా కొట్టేమో అనుకుని ఇచ్చాను. నా బుద్ధినేమనాలి.

మొదట్లో ఊరంతా ముక్కున వేలేసుకుంది. పచ్చి చేపలు తినిపిస్తాడని ఒక పుకారు. "చెరువు చేప పచ్చిది ఎవరన్నా పెడతారా వదినా, రోగాలొస్తాయి," అని అతను నాకు చెబితే నేను ఊరందరికీ చెప్పుకుంటూ తిరిగాను. మెల్లమెల్లగా జనం రావడం మొదలెట్టారు. తాడేపల్లిగూడెం ఇంజనీరింగ్ కాలేజీ మేష్టార్లు సెలవురోజుల్లో వస్తారు. అక్కడే రైసుమిల్లున్న నరసరాజుగారైతే రుతువు మారినప్పుడల్లా వస్తారు. వచ్చిన ప్రతిసారీ "ఏవమ్మా కాంతమ్మా, మిల్లు నడిపేవాడికి చారెడు అన్నం పెడతారా, ఇది న్యాయమేనాండీ," అని నా మీద విరుచుకుపడతారు. మళ్ళీ రుతువు మారగానే ఆయన కారు మా గుమ్మంలో ఉంటుంది. అయితే అందరూ నరసరాజుగార్లు కారు. కొందరు ఇక్కడ గిన్నెలు ఖాళీ చేసి, పోతూ పోతూ సెంటర్లో బజ్జీల బండి దగ్గర ఆగుతారు. నా కళ్ళారా చూశాను. చూసి ఒళ్ళు మండి ఇంటికొచ్చి శివాజీ మీద అరిచాను. అతను చేప పొలుసు తీసుకుంటూ కూర్చుంటాడు.

ఈ గిన్నెల పుణ్యమా అని అతనికి సంబంధాలు రాలేదు. వచ్చినవి నిలబడలేదు. పిల్ల తరఫువాళ్ళు "అబ్బాయి ఏం చేస్తాడండీ" అంటారు. జపాన్ వంట అంటే వాళ్ళకి అర్థం కాదు, హోటలంటే మర్యాద కాదు. ముప్పై దాటి, ఇంకా దాటిపోతుంటే, మా ఆయన ముత్యాలరావు ఆ మాటెత్తడమే మానేశాడు. నేను మాత్రం దేవుడి దగ్గర ఈ ఒక్కటే అడిగేదాన్ని.

అప్పుడు బేబీరాణి వచ్చింది. ఏలూరు అమ్మాయి. కైకలూరులో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పని, రోజూ బస్సులో వచ్చి పోతుంది. ఒకరోజు మధ్యాహ్నం జోరున వాన కురుస్తుంటే మా అరుగు మీదికి పరుగెత్తుకొచ్చింది. తడిసిన మనిషిని నిలబెట్టలేక లోపల కూర్చోబెట్టి మొదటి గిన్నె పెట్టాను. తింది. ఖాళీ గిన్నెలోకి ఓసారి చూసి, "తర్వాతది ఎప్పుడొస్తుందండీ?" అంది. ఆ గదిలో అందరూ నన్నడిగేది అన్నం ఎప్పుడొస్తుందని. తర్వాతది ఎప్పుడని అడిగిన మొదటి మనిషి ఆ పిల్లే. తెర వెనక గరిటె చప్పుడు ఆగిపోయింది. నేనప్పుడే అనుకున్నాను.

అది మొదలు వారం వారం వచ్చేది. శివాజీ ఎప్పుడూ తెర దాటి రాడు, ఆ పిల్ల వచ్చినప్పుడు మాత్రం గిన్నె తనే పట్టుకొచ్చేవాడు. నా చేతులు నొప్పి పుడుతున్నాయని అతనికి ఒక్కసారిగా జాలి కలిగిందట. ఇద్దరూ మాట్లాడుకునేది చేపల గురించే, కానీ చేపల గురించి అంతసేపు మాట్లాడాల్సిందేముంది? చలికాలం వచ్చేసరికి విషయం వాళ్ళ నాన్నగారి దాకా వెళ్ళింది.

వాళ్ళ నాన్న పాపారావుగారు ఏలూరు చేపల మార్కెట్లో వేలం పాట పాడతారు. పెద్ద మనిషి, పెద్ద గొంతు, పెద్ద పొట్ట. ఫోన్ మా ఆయన చెవి దగ్గర ఉంటే మాటలు నాకు వంటింట్లోకి వినిపించాయి.

"ఏవండీ ముత్యాలరావుగారూ, అబ్బాయి మంచోడని మా అమ్మాయి చెబుతుందండి. మంచోడే అయ్యుంటాడు. కానీ మీ హోటల్లో తిన్నోళ్ళు బయటికొచ్చి బజ్జీలు తింటున్నారని మా మార్కెట్లో చెప్పుకుంటున్నారండి. మనిషికి కడుపునిండా పెట్టలేని ఇంటికి పిల్లనెలా ఇమ్మంటారండి? అందుకని మేమే వస్తాం. మాకంటూ ప్రత్యేకంగా ఏం చెయ్యొద్దు. అందరికీ ఎలా పెడతారో మాకూ అలాగే పెట్టండి. తిన్నాక నా మాట చెబుతాను."

ఇక ఈ సంబంధం ఆ ఒక్క భోజనం మీద నిలబడింది. బేబీరాణి కూడా దాపరికం లేకుండా చెప్పేసింది. "నాన్నగారు కాదంటే నేను రానండి. అలాగని ఇంకొకళ్ళని చేసుకోనండి," అంది. అంటే ఆయన కాదంటే ఇద్దరి బతుకులూ అలా మోడువారిపోవడమే. ఆ రాత్రి శివాజీ అన్నం ముట్టలేదని మాత్రం నాకు తెలుసు, కంచం కడిగేది నేనే కాబట్టి.

నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. "అబ్బాయ్, ఆ ఒక్క పూటకి ఆ జపాన్ ముసలాయన్ని పక్కనపెట్టు. ముందు అన్నం పెట్టు. చేపల పులుసు కాచు, రొయ్యల వేపుడు చెయ్యి, గడ్డపెరుగు నేను తోడేస్తాను. మనిషి పొట్ట తడుముకుంటూ అవునంటాడు."

"అందరికీ పెట్టినట్టే పెట్టమన్నారు కదా వదినా," అన్నాడు.

"అలా అనడం మర్యాద. అన్నంత మాత్రాన పెట్టేస్తావా?"

"ఈ పూటకి పులుసు పెట్టి పిల్లని తెచ్చుకుని, రేపట్నించి మళ్ళీ గిన్నెలు పెడితే అది మోసం కదా. నేనేంటో చూసే ఇవ్వమను." పట్టిన పట్టు విడిచే రకం కాదు. నాకు కోపం వచ్చింది గానీ లోలోపల అతని మీద గౌరవం కూడా కలిగింది. ఆ మాట అతనికి చెప్పలేదు, చెబితే నెత్తికెక్కుతాడు.

కొత్తబియ్యం కోసం తనే తాడేపల్లిగూడెం వెళ్ళాడు. తాటి తేగలు ఏరి తెచ్చాడు. తెల్లవారుజామునే చెరువుగట్టు మీద నిలబడి కొర్రమీను, బొమ్మిడాయిలు బతికున్నవి ఎంచుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నం పాపారావుగారూ, ఆయన భార్య వరహాలమ్మగారూ, బేబీరాణీ వచ్చారు. వాళ్ళకి తోడుగా మా ఆయన్ని కూర్చోబెట్టాం. పాపారావుగారు పీట మీద కూర్చుని చొక్కా చేతులు మోచేతుల పైకి మడుచుకున్నారు. తిండి మీద గౌరవమున్న మనిషి అలాగే చేస్తాడు. నాకు ధైర్యం వచ్చింది.

మొదటి గిన్నెలో సన్నగా తరిగిన తేగముక్కలు, మీద ఉసిరికాయ తురుము. తేగ అన్నంలోకి కాదు గనక ఆయన శుభ్రంగా తిన్నారు. "తేగ తియ్యగా ఉందండీ," అన్నారు కూడా. గిన్నె తెచ్చి శివాజీకి చూపించాను. అతని మొహం వెలిగింది.

రెండో గిన్నెలో కొర్రమీను ముళ్ళు మరిగించి వడగట్టిన తేటచారు, అందులో తెల్లటి చేపముక్క. పాపారావుగారు దాన్ని చూసి, వాసన చూసి, తల ఊపి, గిన్నె జాగ్రత్తగా ఎడమవైపు జరిపారు. జరిపి కుడిచెయ్యి మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నారు. భార్య కూడా అలాగే జరిపి అలాగే కూర్చున్నారు. నాకప్పుడు వెలిగింది. చారు వచ్చింది కాబట్టి అన్నం కోసం ఆగారు.

"అన్నయ్యగారూ, అది అలాగే తాగేయాలండి. అన్నం ఆఖర్న వస్తుందండి," అన్నాను.

ఆయన నా వంక జాలిగా చూశారు. "పర్వాలేదమ్మా, నిదానంగానే రానివ్వండి. కొత్తబియ్యం కదా, ఉడకడం చూసుకోవాలి. మాకేం తొందర లేదు."

అన్నం ఇంకా ఉడకలేదనుకున్నారు. ఇంటి పరువు కాపాడ్డానికి నేను అబద్ధమాడుతున్నాననుకున్నారు. అంత మర్యాదస్తుడితో ఏమని వాదించను? వంటింట్లోకి పోయి చెప్పాను. శివాజీ గిన్నె తిరిగి రానిదే తర్వాతది పంపడు, కానీ పొయ్యి మీది వస్తువు ఆగదు కదా. పళ్ళు బిగించి మూడోది పంపాడు. తాటిబెల్లం పాకం పూసి బొగ్గుల మీద కాల్చిన బొమ్మిడాయి. ఆ వాసనకి నాకే నోరూరింది. పాపారావుగారి గొంతు కదలడం నేను చూశాను. అదీ ఎడమవైపుకే వెళ్ళింది. నాలుగోది కందా చిక్కుడుగింజలూ. అదీ అంతే. ఆయన ముందు గిన్నెలు బారులు తీరుతున్నాయి, వాటి మీద ఆవిరి తగ్గిపోతోంది. పక్కన మా ఆయన మాత్రం వచ్చినవి వచ్చినట్టు ఖాళీ చేసి, వేళ్ళు కూడా నాక్కుని, అయిదోది ఏదీ అన్నట్టు నా వంక చూస్తున్నాడు. వచ్చిన చుట్టం పస్తు, ఇంటాయన విందు. ఆయన్ని నేను చూసిన చూపుకి వేళ్ళు నాకడం ఆపాడు.

బేబీరాణి తన గిన్నె ఖాళీ చేసి, తండ్రి వైపు వంగి మెల్లగా అంది. "నాన్నగారండీ, చల్లారిపోతున్నాయి. తినేయండి. ఇక్కడ ఇలాగే తింటారు."

పాపారావుగారు గొంతు తగ్గించారు. ఆయన గొంతు తగ్గించడమంటే నాకు వినిపించేంత. "కాబోయే వియ్యాలవారింట్లో కూర్చుని అన్నం లేకుండా ఉత్త కూరలు తిన్నాడని చెప్పుకోవాలా అమ్మా? చిన్నపిల్లలు తింటారు అలాగ. నువ్వూరుకో."

ఆయన తప్పు ఏముంది చెప్పండి. మా వైపు ఉత్త కూర తినేవాణ్ణి తిండిపోతు అంటారు. చుట్టాలింట్లో నోరు తెరిచి అన్నం అడిగేవాణ్ణి అంతకన్నా ఘోరంగా చూస్తారు. పాపం ఆకలితో కడుపు కాలిపోతున్నా తినలేరు, అడగలేరు.

నేను మళ్ళీ లోపలికి పోయాను. మట్టికుండలో అన్నం ఎప్పుడో ఉడికిపోయి, మూత పెట్టుకుని కూర్చుంది. "అబ్బాయ్, అన్నం పెట్టేయ్."

"తిన్నాక పెడతాను వదినా."

"పెడితేనే తింటారు."

"ఇప్పుడు పెడితే మూడూ ఒకచోట పోసి కలిపేస్తారు. కందేదో చేపేదో తెలీదు. అంత దానికి నేనెందుకు, నా వంటెందుకు?" అంటూనే మొహం పక్కకి తిప్పుకున్నాడు. కళ్ళలో నీళ్ళు. "ఆయన నా వంట తిని బాగోలేదంటే తట్టుకుంటాను వదినా. రుచి చూడకుండానే వెళ్ళిపోతారేమోనని భయంగా ఉంది," అన్నాడు.

అప్పుడు ముందు గదిలోంచి ఆ పెద్ద గొంతు వినిపించింది. "ముత్యాలరావుగారూ, మరి మళ్ళీ ఓసారి తీరుబడిగా వస్తామండి. ఏలూరు బస్సుకి టైమవుతుంది."

పెళ్ళి మాటల్లో "మళ్ళీ వస్తాం" అంటే అర్థమేమిటో అందరికీ తెలుసు. తెర పక్కకి లాగి చూస్తే వరహాలమ్మగారు కొంగు సర్దుకుంటున్నారు, పాపారావుగారు చెయ్యి నేలకి ఆనించి లేవబోతున్నారు. మా ఆయన బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు.

వాళ్ళ కన్నా ముందు బేబీరాణి లేచింది. లేచి గుమ్మం వైపు కాక, తెర తోసుకుని నేరుగా వంటింట్లోకి వచ్చింది. ఆ వంటింట్లో ఆమె అడుగుపెట్టడం అదే మొదలు.

"అన్నం ఏదండీ?" అంది శివాజీతో.

అతను కుండ చూపించాడు. ఆమె మూత తీసి పళ్ళెంలోకి వడ్డించుకుంటుంటే, "అన్నం పెడితే భోజనం అయిపోయినట్టండి," అన్నాడు, నీరసంగా.

"అవ్వనివ్వనండి. ముద్ద ముద్దగా నేను పెడతాను. మీరు గిన్నెలు వేడి చేసి పంపండి. ఒకదాని తర్వాత ఒకటే పంపండి, కలపనివ్వను."

శివాజీ ఆమె వంక చూశాడు. నేనైతే ఈ మాటే నాలుగేళ్ళుగా అరిచి చెబుతున్నాను, వినలేదు. ఆమె ఇలా చెప్పగానే అలా వంగి బొగ్గులు ఊదడం మొదలెట్టాడు. నేను పోయి చల్లారిన గిన్నెలు లోపలికి తెచ్చిచ్చాను. సరే, నా రోజులు అయిపోయాయని అప్పుడే తెలిసింది. ఒక్క క్షణం కూడా బాధపడలేదు.

బేబీరాణి పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తండ్రి ఎదురుగా చతికిలబడింది. "నాన్నగారండీ, కూర్చోండి. చెయ్యి పట్టండి."

"ఏంటమ్మా ఇది, అందరి ముందూ," అన్నారాయన.

"పట్టండి."

మార్కెట్లో గొంతెత్తితే మనుషులు పక్కకి తప్పుకునే ఆ పెద్దమనిషి, అటూ ఇటూ చూసి, అరచెయ్యి చాపారు. ఆమె కొర్రమీను చారుతో అన్నం మెత్తగా కలిపి, చిన్న చేపముక్క అద్ది, ముద్ద ఆ అరచేతిలో పెట్టింది. ఆయన నోట్లో వేసుకున్నారు. "కొర్రమీనేనా ఇది?" అన్నారు. "ఇంత తేటగా ఉందేమిటి? చేప రుచి చేపకే ఉందే." వెంటనే చెయ్యి మళ్ళీ చాపారు.

పక్కనుంచి వరహాలమ్మగారు కూడా మాట్లాడకుండా చెయ్యి చాపారు. బేబీరాణి తల్లికీ పెట్టింది. తర్వాత బొమ్మిడాయి వచ్చింది, దాంతోనే ముద్ద. ఆ తర్వాత కంద, దాంతోనే ముద్ద. నేను వేడి గిన్నెలు అందిస్తూ నిలబడి చూస్తున్నాను కదా, ఆ పిల్ల ఏం చేస్తోందో నాకు కనిపిస్తోంది. ప్రతి ముద్దలోనూ అన్నం తగ్గుతోంది, కూర పెరుగుతోంది. పాపారావుగారు మాత్రం తినడంలో పడిపోయారు.

"మా అమ్మ పడవలో మమ్మల్నందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుని ఇలాగే పెట్టేదండి," అన్నారు మా ఆయనతో. "ఒక్క కూరే ఉండేది. అయినా ఎంత తిన్నామో తెలిసేది కాదు." ఆయన కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

అయిదోది గుడ్డూ రొయ్యా కలిపి ఆవిరి మీద ఉడికించిన చిన్న మూతగిన్నె. చల్లారినదాన్ని పక్కన పెట్టి శివాజీ మళ్ళీ కొత్తగా చేశాడు. బేబీరాణి చెంచాతో తీసి తండ్రి చేతిలో పెట్టింది. ఆయన తిన్నారు, ఇంకోసారి పెట్టించుకున్నారు, గిన్నె అడుగు కనిపించే దాకా తిన్నారు. అప్పుడు పళ్ళెంలోకి చూశారు. పళ్ళెం ఖాళీగా ఉంది.

"ఇందులో అన్నం ఏదమ్మా?"

"లేదండి. అన్నం ఎప్పుడో అయిపోయింది. ఇది ఉత్తదే తిన్నారు."

ఆయన కాసేపు కూతురి వంక గుడ్లప్పగించి చూసి, పొట్ట కదిలేలా నవ్వారు. వరహాలమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "మీ ఇంట్లో ఆకలేసిందని కాదు తల్లీ, నన్ను మోసం చేశారని చెబుతాను మార్కెట్లో," అన్నారు పాపారావుగారు నాతో. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ నవ్వు విని శివాజీ తెర తీసుకుని వచ్చాడు. చేతిలో ఆఖరి పళ్ళెం. నాలుగు చిన్న గిన్నెల్లో వేడి అన్నం, పక్కన చారు, మాగాయ ముక్క. పాపారావుగారి ముందు మోకాళ్ళ మీద కూర్చుని పెట్టాడు.

"ఇదేంటి బాబూ?"

"అన్నం అండీ. ఇదే ఆఖరు."

ఆయన అన్నం వంక చూశారు, పొట్ట తడుముకున్నారు. "వద్దు బాబూ, నీకు పుణ్యముంటుంది. ఇంక మెతుకు కూడా పట్టదు," అన్నారు. అన్నం కోసం అంతసేపు మోకాలి మీద చెయ్యేసుకుని కూర్చున్న మనిషి అన్నం వద్దన్నాడు. నేను మా ఆయన వంక చూశాను. ఆయన అప్పటికే తన గిన్నె అన్నం అందుకుంటున్నాడు.

పాపారావుగారు శివాజీని పైనుంచి కిందికి చూశారు. మసి అంటిన మొహం, బొగ్గు నలుపు చేతులు, పొద్దుటినుంచి పొయ్యి ముందున్న అలసట. "నువ్వు తిన్నావా?" అన్నారు.

"లేదండి. అందరూ తిన్నాక తింటానండి."

ఆయన తన ముందున్న అన్నం గిన్నె కూతురి వైపు జరిపారు. "అతనికీ ఓ ముద్ద పెట్టమ్మా," అన్నారు.

బేబీరాణి మొహం ఎర్రబడింది, అయినా వెనకాడలేదు. అన్నంలో చారు పోసి, మాగాయ ముక్క అద్ది, ముద్ద చేసింది. శివాజీ చెయ్యి పంచెకి తుడుచుకుని చాపాడు. ఆ ముద్ద అతను కళ్ళు మూసుకుని తిన్నాడు. నాకు ఏడుపొచ్చేసింది. అందరి ముందూ ఏడ్చాను, సిగ్గేం పడలేదు.

మా ఆయన మాత్రం అన్నం తినడం ఆపి, గొంతు సవరించుకుని అన్నాడు. "పాపారావుగారూ, మరి తిన్నాక మాట చెబుతానన్నారు కదండీ."

"ఇంకేం చెప్పమంటారండీ ముత్యాలరావుగారూ," అన్నారు పాపారావుగారు. "చెప్పేశాను కదా."